కొంచెమే కదా!

తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ఆ తెలుగే చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి నేను. మాటను తూచి వాడమని పిల్లలకు చెప్పటం నా వృత్తి. అటువంటివాణ్ణి, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మనమందరం వాడే ఒక చిన్న మాట బరువెంతో నలభై నాలుగో ఏట, ఒక అర్ధరాత్రి, ఆసుపత్రి వరండాలో కూర్చుని తెలుసుకోవలసి వచ్చింది. ఆ మాట ‘కొంచెం’.

కొంచెం నలతగా ఉంది. కొంచెం జ్వరం తగిలింది. కొంచెం నెప్పి, అదే పోతుందిలే. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ జబ్బులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఎదుటివాళ్ళను కంగారు పెట్టకూడదన్న మర్యాద అందులో ఉంది. ఖర్చు పెట్టించకూడదన్న భయం కూడా ఉంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మర్యాదా ఆ భయమూ కలిసి మా అన్నను ఒక రాత్రి మాకు దక్కకుండా చేయబోయాయి. అందులో నా పాలు కూడా ఉంది. అది దాచుకోకుండా చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది సంగారెడ్డి జిల్లాలో ఒక పల్లె. అన్న నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. నాన్న పోయాక పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఒకదానిలో ఫిట్టరుగా చేరి, ఆ జీతంతోనే నన్ను చదివించాడు. ఇంద్రేశంలో కాస్త జాగా కొని రెండు గదులు వేసుకున్నప్పుడు చుట్టూ జొన్నచేలు. ఇప్పుడు ఎటు చూసినా అపార్టుమెంట్లు, అర్ధరాత్రి కూడా షిఫ్టు బస్సుల చప్పుడు. నేనూ ఆ పక్క వీధిలోనే కాపురముంటున్నాను. పెళ్ళిళ్ళయినా, పిల్లలు పెద్దవాళ్ళయినా, మా రెండిళ్ళ మధ్యా కూరగిన్నెలు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి.

2023 వేసవి చివర్లో అన్నకు కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద. కామెర్లు అన్నారందరూ. మన వైపు కామెర్లనగానే డాక్టరుకంటే ముందు పసరు పోసేవాడు గుర్తుకొస్తాడు. అన్న కూడా పసరు మింగి రెండు వారాలు పథ్యం చేశాడు. “కొంచెం తగ్గినట్టే ఉన్నది” అన్నాడు. తగ్గలేదు. చివరికి పరీక్షలు చేయిస్తే తేలిందేమిటంటే, కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టమూ, క్లోమగ్రంథి నుంచి జీర్ణరసం తెచ్చే గొట్టమూ కలిసి చిన్నపేగులోకి తెరుచుకునేచోట ఒక గడ్డ ఉంది. తీసేయాలి. అది ఒక్కటే తీస్తే చాలదు. క్లోమం తలభాగం, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం కలిపి తీసి, మిగిలినవాటిని మళ్ళీ పేగుకు అతకాలి. న్యూయార్కులో ఆలెన్ విపుల్ అనే సర్జను 1935లో ఇటువంటి ఆపరేషన్లను లోకానికి తెలియజేశాడు గనక, దీన్ని ఇప్పటికీ విపుల్ ఆపరేషన్ అనే అంటారు.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. సర్జను మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. “ఏమేం మాత్రలు వేసుకుంటారు?” అని అడిగాడు. “ఏం లేవు సార్” అన్నాడు అన్న. అప్పటిదాకా మాట్లాడని వదిన సంచిలోంచి మూడు మాత్రల అట్టలు తీసి బల్లమీద పెట్టింది. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని, రెండేళ్ళుగా చాటుగా మింగుతున్న మాత్రలవి.

“మంచిపని చేశావమ్మా” అన్నాడు డాక్టరు. నొప్పి తగ్గించే మాత్రల్లో చాలావాటికి, గుండెజబ్బువారు వాడే ఆస్పిరిన్ వంటివాటికి, నెత్తురు గడ్డకట్టే గుణాన్ని తగ్గించే స్వభావం ఉందట. ఆపరేషనుకు ఎన్నిరోజుల ముందు ఏది ఆపాలో, ఏది ఆపకూడదో డాక్టరే చెప్పాలి. గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళు సొంతంగా మాత్రలు మానేస్తే మరో ప్రమాదం. అంచేత దాచకూడదు, తోచినట్టు మానకూడదు.

ఇంకొక చిక్కు నెత్తురు పరీక్షలో బయటపడింది. అన్న నెత్తురు గడ్డకట్టటానికి ఉండవలసినదానికంటే ఎక్కువసేపు పడుతోంది. దానికి కారణం వింటే నాకు ఆశ్చర్యమేసింది. నెత్తురు గడ్డకట్టటానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం కె విటమిన్ సాయంతో తయారుచేస్తుంది. అది కొవ్వులో కరిగే విటమిన్. పైత్యరసం పేగులోకి దిగితేనే ఒంటికి పడుతుంది. అన్నకు గడ్డ అడ్డుపడి పైత్యరసం దిగటమే లేదు. తిన్న ఆకుకూరంతా తిన్నట్టే ఉంది గాని ఆ విటమిన్ నెత్తురులోకి చేరలేదు. మేము పసరుతో పోగొట్టిన రెండు వారాలూ ఈ లోటును పెంచాయన్నమాట. ఇంజక్షన్లతో ఆ విటమిన్ ఎక్కించి, మళ్ళీ పరీక్ష చేసి, సరిపోయిందని తేలాకనే ఆపరేషనుకు తేదీ పెట్టారు.

ఈ విటమిన్ కథ కూడా చిత్రమైనదే. డెన్మార్కులో హెన్రిక్ డామ్ అనే శాస్త్రజ్ఞుడు, కొవ్వు తీసేసిన మేత తిన్న కోడిపిల్లలకు ఊరికే నెత్తురు కారటం చూసి, కారణం వెతుకుతూ దీన్ని కనుగొన్నాడు. గడ్డకట్టటానికి వాళ్ళ భాషలో ఉన్న మాట ‘కె’ అక్షరంతో మొదలవుతుంది గనక ఆ పేరు పెట్టాడు. ఆయనకూ, అమెరికాలో దాని రసాయన స్వరూపం తేల్చిన ఎడ్వర్డ్ డోయిసీకీ కలిపి 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. విపుల్ మొదట్లో ఈ ఆపరేషన్‌ను రెండు విడతలుగా చేసేవాడు. ముందు పైత్యరసానికి దారి చేసి, కామెర్లు తగ్గాక గడ్డ తీసేవాడు. 1940లో ఒకే విడతలో చేయగలిగాడు. కె విటమిన్ చేతికందటం అందుకు ఒక ముఖ్యకారణం. కోడిపిల్లల పుణ్యాన మా అన్నకు ఒక గండం తప్పిందని ఇంట్లో నవ్వుకున్నాం.

ఆపరేషను బాగానే జరిగింది. ఆరు గంటలపైన పట్టింది. ఆ సాయంత్రం సర్జను బయటికి వచ్చి, అలసిన ముఖంతోనే నాకు మరొక సంగతి చెప్పాడు. దీన్ని పాఠకులు కాస్త ఓపికగా వినాలి. అసలు విషయమంతా ఇందులోనే ఉంది.

ఈ ఆపరేషన్ తరువాత నెత్తురు కారటం రెండు రకాలు. మొదటి ఇరవై నాలుగు గంటల్లో వచ్చేది ఒకటి. కట్టిన ముడి సడలటం వల్లనో, నెత్తురు సరిగా గడ్డకట్టకపోవటం వల్లనో వస్తుంది. అప్పుడు రోగి డాక్టర్ల కళ్ళముందే ఉంటాడు. రెండవది ఆ తరువాత, రోజులకో, ఒక్కొక్కసారి రెండు మూడు వారాలకో వస్తుంది. క్లోమానికీ పేగుకూ వేసిన అతుకు దగ్గర ఒక్కొక్కప్పుడు రసం ఊరి బయటికి వస్తుంది. మాంసాన్ని అరిగించటమే ఆ రసం పని. అది పేగులో ఉండవలసింది, కడుపులోపల పడి, దగ్గరలో కోసి ముడివేసిన ధమని మోడును తాకుతుంది. చీము కూడా తోడైతే ధమని గోడ మెత్తబడి, చిన్న బుడగలా ఉబ్బుతుంది. అది పగిలితే ప్రాణాపాయం. ఆపరేషన్ అయిన నూరుమందిలో సుమారు ముగ్గురు మొదలుకొని పదిమంది దాకా ఏదో ఒక రకపు నెత్తురు కారటం కనిపిస్తుందట.

“అందుకే ఆ మోడును జాగ్రత్తగా ముడివేస్తాం. అతుకుకూ దానికీ మధ్య కడుపులోని కొవ్వు పొరను తెరలా కప్పేవాళ్ళూ ఉన్నారు. అయినా పూచీ లేదు. చాలాసార్లు ఆ పెద్ద స్రావం కంటే ముందు, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో ముందు, కొద్దిగా నెత్తురు కనిపించి దానంతటదే ఆగిపోతుంది. ఆగిపోయింది కదా అని ఊరుకోకూడదు సార్. దాన్ని సెంటినల్ బ్లీడ్ అంటాం” అన్నాడు సర్జను.

సెంటినల్ అంటే కావలివాడు. కావలి నెత్తురు అందామా, హెచ్చరిక నెత్తురు అందామా అని నా బుర్ర వెంటనే తెలుగుమాట వెతుక్కోవటం మొదలుపెట్టింది. మాట దొరికింది. అర్థం మాత్రం అప్పుడు ఒంటబట్టలేదు.

మూడోరోజున కడుపులోంచి బయటికి పెట్టిన గొట్టంలోని నీటిని పరీక్ష చేశారు. అందులో అమైలేజ్ అనే జీర్ణపదార్థం నెత్తుర్లో ఉండవలసిన హద్దుకు మూడురెట్లు మించితే రసం ఊరుతున్నదని గుర్తు. అన్నకు మించింది. జ్వరం లేదు, తింటున్నాడు, నడుస్తున్నాడు. అంచేత పన్నెండోరోజున ఒక గొట్టాన్ని అలాగే ఉంచి, దాని చివర సంచితోనే ఇంటికి పంపించారు. వచ్చేముందు ఒక నర్సమ్మ వదినకు చిన్న నోటుపుస్తకం ఇచ్చి, రోజూ సంచిలో ఎంత వచ్చింది, ఏ రంగు అన్నది రాయమన్నది. “ఎరుపు కనిపిస్తే ఎంత వచ్చిందని చూడకమ్మా. గొట్టంలో గాని, వాంతిలో గాని కనిపించినా, విరేచనం తారులా నల్లగా అయినా, కళ్ళు తిరిగి చెమటలు పట్టినా, అర్ధరాత్రైనా సరే ఫోన్ చెయ్యి” అని చెప్పింది. వదిన నాలుగో తరగతి దాకా చదివింది. ఆ మాటలు నేనూ విన్నాను. విని తల ఊపాను.

ఇంటికొచ్చిన మూడోరోజు. కాలేజీలో పరీక్షలు. జవాబుపత్రాల కట్టతో సాయంత్రం అయిదింటికి అన్న దగ్గరికి వెళ్ళాను. వదిన కూరగాయలకు పోయింది. సంచి ఖాళీ చేద్దామని వంగితే, గొట్టంలో ఎర్రటి చార. సంచిలో ఒక చెంచాడు నెత్తురు.

“అన్నా, ఇదేమిటే?” అన్నాను.

అన్న చూశాడు. చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “గింతంత ఎర్రగొస్తే దవాఖానకు ఉరుకుతమా తమ్మీ? అటు ఇటు మెదిలిన గద, గీరుకపోయి ఉంటది. మీ వదినెకు చెప్పకు, ఊకె భయపడ్తది. ఇప్పటికే మస్తు పైసలైనయి. పొద్దుగాల చూద్దాం తియ్యి.”

“కొంచెమే కదా” అన్నాను నేను.

ఆ మాట అన్నది నేనే. అనటమే కాదు, సంచి ఖాళీ చేసి, కొలిచే గ్లాసు శుభ్రంగా కడిగి బోర్లించాను. నెత్తురు మళ్ళీ రాలేదు. రాకపోవటం చూసి నా మనసు తేలికపడింది. ఆగిపోతుందనీ, ఆగిందని ఊరుకోవద్దనీ సర్జను చెప్పిన మాట నా చెవులకు రెండు వారాల దూరంలో లేదు. అయినా ఇంటికి పోయి పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

రాత్రి పదిన్నరకు వదిన ఫోను. “తమ్మీ, ఇయ్యాల సంచిల ఎంతొచ్చింది? పుస్తకంల రాయలే నువ్వు.”

“మామూలే వదినా” అన్నాను.

“రంగు?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అంతే, వదిన ఫోన్ పెట్టేసింది. నేను చెప్పులేసుకుని పరుగెత్తేసరికి, ఆమె లైటు వేసి, గొట్టం కుట్టు దగ్గర ఎండిపోయిన ఎర్రని చారను వేలితో చూపిస్తూ ఆసుపత్రివాళ్ళతో మాట్లాడుతోంది. వాళ్ళు ఒకటే మాట అన్నారు: ఏమీ తినిపించకండి, వెంటనే తీసుకురండి. 108కి ఫోన్ చేశాం. అన్న మంచం దిగుతూ కూడా “ఏం కాలే, ఎందుకు పరేషాన్ అయితరు” అంటూనే ఉన్నాడు. అంబులెన్సులో నాడి చూసిన అబ్బాయి మాత్రం ఏమీ అనలేదు. నాడి జోరుగా ఉంది. ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కాక ఆ వెడల్పాటి దారిమీద ఆ రాత్రి నాకు ఎదురుగా ఏ దీపమూ సరిగా కనిపించలేదు.

వెళ్ళగానే స్కాను తీశారు. ధమని మోడు దగ్గర బుడగ కనిపించింది. కడుపు మళ్ళీ కోయలేదు. గజ్జల్లోని ధమనిలోంచి సన్నని గొట్టాన్ని లోపలికి నడిపించి, బొమ్మలో చూసుకుంటూ, ఆ బుడగ ఉన్నచోట సన్నని లోహపు తీగచుట్టలు దించి నెత్తురుదారి మూసేశారు. దాన్ని కాయిలింగ్ అంటారు. ఇటువంటి అవసరానికి రాత్రీ పగలూ మనుషులు సిద్ధంగా ఉండే ఆసుపత్రిలోనే ఈ ఆపరేషన్ చేయించుకోవాలని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది. ఈ ఆపరేషన్లు తరచుగా చేసే ఆసుపత్రుల్లో ప్రాణనష్టం తక్కువగా ఉండటానికి, చేయి తిరిగిన సర్జనుతోపాటు, ఆపద వచ్చినప్పుడు గుర్తుపట్టి ఆదుకునేవాళ్ళు ఉండటం కూడా ఒక కారణమట.

తెల్లవారుజామున డాక్టరు బయటికొచ్చి, గండం గడిచిందన్నాడు. కాగితం తీసి, “మొట్టమొదట ఎరుపు ఎన్ని గంటలకు కనిపించింది?” అని అడిగాడు.

వదిన నా వైపు చూసింది.

“సాయంత్రం అయిదింటికి” అన్నాను.

ఆయన చేతి గడియారం చూసుకోలేదు, నన్ను మందలించలేదు. అయిదు అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఎందరో విద్యార్థుల తప్పులు ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి. నా తప్పు పక్కన వేసిన ఆ ఒక్క అంకె నాకు చాలింది. కాసేపటికి వదిన నా పక్కన కూర్చుని, “గిలాస కడిగినవ్ గద తమ్మీ, ఇంకెప్పుడు కడగకు” అన్నది. అంతకు మించి ఈరోజుదాకా ఆ ఊసెత్తలేదు.

ఆ తరువాత నేను ఈ సంగతి గురించి దొరికినంత చదివాను. నెదర్లాండ్స్ దేశంలో 17 ఆసుపత్రులు కలిసి 2018, 2019 సంవత్సరాల్లో ఒక ప్రయత్నం చేశాయి. క్లోమం ఆపరేషన్ అయినవాళ్ళను ప్రతిరోజూ ఒకే పట్టిక ప్రకారం పరీక్షించి, జ్వరంలో, నెత్తురు పరీక్షల్లో, గొట్టం నీటిలో చిన్నమార్పు కనిపించినా ఎప్పుడు స్కాను తీయాలో, ఎప్పుడు మందివ్వాలో, ఎప్పుడు గొట్టం తీసేయాలో ఆ పట్టికే చెప్పేట్టు ఏర్పాటు చేశారు. మొత్తం 1748 మంది రోగులు. చికిత్స చేయవలసినంతగా నెత్తురు కారటం, అవయవాలు చెడటం, మరణం, ఈ మూడింటిలో ఏదో ఒకటి వచ్చినవారు మామూలు పద్ధతిలో నూటికి 14 మంది ఉంటే, కొత్త పద్ధతిలో 8 మందే. తొంభై రోజుల్లో పోయినవారు నూటికి అయిదుగురి నుంచి ముగ్గురికి తగ్గారు. ఈ ఫలితాలు 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొత్త మందేదీ కనిపెట్టలేదు వాళ్ళు. చిన్నదాన్ని చిన్నదని వదలకుండా, రోజూ చూశారు, రాసుకున్నారు, ఆలస్యం చేయలేదు. చదువుతుంటే నాకు మా వదిన నోటుపుస్తకం గుర్తుకొచ్చింది.

అన్న కోలుకున్నాక ఒక సాయంత్రం అరుగుమీద కూర్చుని తనే కదిపాడు. “యాదికున్నదా తమ్మీ, నువ్వు పసిపోరనివి, యాదుండదు తియ్యి. మన చెరువు కట్టకు బుంగ వడ్డది ఒక వానకాలం. బొటనేలంత. నీరటి నడిజాము రాత్రి ఇల్లిల్లు తలుపులు కొట్టిండు. గడ్డి, మట్టి తట్టలు మోసి తెల్లారేసరికి పూడ్సినం. గింత బుంగే గదా, పొద్దుగాల చెప్దాం అని ఆయన పండుకుంటే ఊరుండునా?” అని, కాసేపాగి, “నా కట్టకాడికొస్తె మాత్రం నేనే పండుకోమన్న” అని నవ్వాడు.

చిన్నపామునైనా పెద్దకర్రతో కొట్టాలన్న సామెతకు నేను క్లాసులో ఏటేటా వ్యాఖ్యానం చెబుతూనే ఉన్నాను. వినేవాళ్ళలో నేను లేనట్టున్నాను.

అన్న ఇప్పుడు పొద్దున్నే ఇంద్రేశం వీధుల్లో నడుస్తున్నాడు. అన్నంతోపాటు జీర్ణానికి మాత్ర వేసుకుంటాడు. గడ్డకు సంబంధించిన పరీక్షలు కాలం తప్పకుండా చేయించుకుంటున్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి ఆపరేషన్ జరగవలసి వస్తే, వేసుకునే మాత్రలన్నీ, పసరుతో సహా, ముందే డాక్టరు ముందు పెట్టండి. ఇంటికి వచ్చేటప్పుడు ఏ గుర్తు కనిపిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాయించుకోండి. ఆ కాగితం చదువుకున్నవాడి చేతికి కాక, చెప్పినమాట వినేవాళ్ళ చేతికివ్వండి.

ఆ నోటుపుస్తకం ఇంకా వదిన బీరువాలో ఉంది. ఆసుపత్రి నుంచి రెండోసారి వచ్చిన రోజున ఆమె దాన్ని నా ముందు పెట్టి, ఆ తేదీ దగ్గర ఖాళీగా ఉన్న వరుస చూపించింది. నేనే రాశాను: “సాయంత్రం 5. ఎరుపు. ఒక చెంచాడు.” కొంచెం అని మాత్రం రాయలేదు.